నిరాశ్రయుడూ, ఊరి పొలిమేరా

ఇల్లు లేని మనిషికి పట్టణంలో రాత్రి తలదాచుకునే చోటు ఉండాలా వద్దా అని అడిగితే, వద్దనేవాడు మన మధ్య ఒక్కడూ కనిపించడు. ఆ చోటు ఎక్కడ ఉండాలి అని రెండో ప్రశ్న వేసేటప్పటికి జవాబులు తడబడతాయి. మొదటి ప్రశ్నకు మన ఆదర్శాలు జవాబు చెబుతాయి. రెండో ప్రశ్నకు మన ఇంటిస్థలమూ, మన బ్యాంకు అప్పూ, మన భయాలూ జవాబు చెబుతాయి. అయినా నీతిని గూర్చి మాట్లాడేటప్పుడు మొదటి ప్రశ్నకిచ్చిన గౌరవం రెండోదానికి ఇవ్వము. అది పురపాలక ఇంజనీరు చూసుకోవలసిన సంగతి అనుకుంటాము. నిజానికి అసలు నైతిక ప్రశ్న రెండోదే. దానికి మనం చెబుతున్న జవాబు కొత్తదీ కాదు. మన సమాజంలో చాలా పాతది.

ఈ మాట దూరంగా నిలబడి చెప్పే అర్హత నాకు లేదు. కర్నూలు, కడప - ఈ రెండు పట్టణాలలో ఒకదానిలో నేను కాపురముంటున్నాను. ఏదో చెప్పను. చెబితే మా కాలనీవాళ్ళు నొచ్చుకుంటారు. చెప్పకపోతే రెండు ఊళ్ళవాళ్ళూ ఇది అవతలి ఊరి సంగతి అనుకుని స్థిమితంగా చదువుతారు. కొంతకాలం కిందట మా కాలనీని ఆనుకుని ఉన్న ఒక పాత ప్రభుత్వ భవనంలో నిరాశ్రయులకు రాత్రి వసతి ఏర్పాటు చేస్తారని వార్త వచ్చింది. మరునాటి సాయంత్రమే ఒక మిద్దె మీద సమావేశం జరిగింది. ముప్పైమందిదాకా వచ్చాము. ఉద్యోగులు, పంతుళ్ళు, ఇద్దరు వ్యాపారులు, పింఛనుదారులు. వచ్చినవాళ్ళలో దుర్మార్గుడు ఒక్కడూ లేడని నేను ప్రమాణం చేసి చెప్పగలను. ఏటా శ్రీరామనవమికి పానకం పంచేవాళ్ళూ, వేసవిలో చలివేంద్రం పెట్టేవాళ్ళూ వాళ్ళే.

"పాపం, వాళ్ళూ మనుషులే గదా, యాడో ఒకచోట ఉండాల" అని ఒక పెద్దమనిషి మొదలుపెట్టాడు. "కానీ ఇండ్ల మధ్యలో ఏంది సార్? ఊరి బయట ఎంత జాగా పడుంది!" ఆ తర్వాత మాట్లాడినవాళ్ళంతా ఆ బాటలోనే నడిచారు. ఆడపిల్లలు ట్యూషన్లకు పోయే దారి అన్నారు. తాగొస్తారన్నారు. రోగాలన్నారు. స్థలాల ధర పడిపోతుందని మాత్రం ఎవరూ పైకి అనలేదు. అందరమూ దాన్నే తలచుకుంటున్నామని అందరికీ తెలుసు. చివరికి అర్జీ పెట్టాలని తీర్మానమైంది. "సార్, మీరు తెలుగు పంతులు గదా, మీరు రాస్తేనే సక్కంగా ఉంటది" అన్నారు. రాశాను. నేను చదివిన తెలుగు ఎం.ఏ. అంత సూటిగా లోకానికి ఉపయోగపడటం అదే మొదటిసారి.

ఆ అర్జీ మొదటి వాక్యం ఇప్పటికీ నాకు నోటికి వచ్చు. "నిరాశ్రయుల యెడల మాకు సంపూర్ణమైన సానుభూతి ఉన్నప్పటికీ" అని అది మొదలవుతుంది. తరగతిలో నేను వ్యాకరణం చెప్పేటప్పుడు "ప్పటికీ" అనే ప్రత్యయం ముందున్న మాటను ఒప్పుకుని వెనకున్న మాటను గెలిపిస్తుందని చెబుతాను. మధ్యతరగతి మానవతావాదమంతా ఆ ప్రత్యయంలో ఉన్నది. అదే పదవ వారంలో నేను బి.ఏ. విద్యార్థులకు విద్వాన్ విశ్వం "పెన్నేటి పాట" గూర్చి చెబుతూ, రంగడి పేదరికాన్ని వివరిస్తూ గొంతు పూడిపోయిన సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. పద్యంలో ఉన్నంతవరకూ రంగడు మా వీధిలో ఎన్నాళ్ళైనా ఉండవచ్చును.

"ఊరి బయట" అన్న మాటను గూర్చి కాస్త ఆలోచించాలి. వినడానికది దిక్కును చెప్పే మాటలాగా, సర్వేయరు మాటలాగా ఉంటుంది. కాని తెలుగుదేశంలో అది ఎన్నడూ కేవలం దిక్కును చెప్పే మాట కాదు. మన పల్లెలో ఎవరిని ఊరి బయట ఉంచారో, ఎందుకు ఉంచారో చదువరులకు నేను చెప్పనక్కరలేదు. మాలపల్లె, మాదిగపల్లె ఊరి పనులన్నీ చేస్తుంది. పొలం దున్నుతుంది, చెప్పు కుడుతుంది, చచ్చిన గొడ్డును మోస్తుంది. పొద్దుగూకితే మాత్రం పొలిమేర అవతలికి పోవాలి. పగలు కావలసిన చేతులు రాత్రి కంటికి కనబడకూడదన్నదే ఆ ఏర్పాటులోని రహస్యం. మా మిద్దె మీది సమావేశంలో కులం మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తవలసిన అవసరం రాలేదు. మార్కెట్టు యార్డులో ఉల్లిగడ్డ బస్తాలు మోసే హమాలీ, హోటల్లో అంట్లు తోమే ముసలామె, బేల్దారి పనికి వచ్చి పని దొరకని మనిషి - వీళ్ళు పగలు ఊళ్ళో ఉండటాన్ని మేమెవ్వరమూ ఆక్షేపించలేదు. రాత్రి సంగతే మా అర్జీ. పల్లె భూస్వామ్యం గీసిన గీతనే మేము కంప్యూటర్లో టైపు చేయించి, కింద సంతకాలు పెట్టాము.

దీనికి ఎదురుగా మన సత్రాల సంప్రదాయాన్ని చూపేవారుంటారు. సత్రం గుడి దగ్గరో, బజారులోనో, బాటలు కలిసేచోటనో ఉండేది, నిజమే. బాటసారి నడిచే చోటనే అతనికి నీడ ఉండాలన్న ఇంగితం మన పెద్దలకు ఉండేది. కాని ఆ సత్రం అరుగు మీద పడుకోవడానికి మనిషి ముందు తన కులం చెప్పవలసి వచ్చేది. కాబట్టి ఆ చోటును ఎన్నుకున్న తెలివిని తీసుకుందాము, దాని తలుపును వదిలేద్దాము. ఈ విషయంలో దర్గాలు కొంత నయం. కడప పెద్ద దర్గా ఉరుసు రోజులలో ఎక్కడెక్కడివాళ్ళో వచ్చి, ఎక్కడ జాగా దొరికితే అక్కడ నడుం వాలుస్తారు. వాళ్ళను నిరాశ్రయులని ఎవరూ అనరు, భక్తులంటారు. నేల మీద పడుకున్న మనిషి మనకు బరువుగా తోచడానికి అతని పడక కారణం కాదన్నమాట. అతని వెనక దేవుడో, చిరునామానో ఉన్నాయా లేవా అన్నది మనం చూస్తున్నాము.

ఈ చిరునామా సంగతి కర్నూలుకు తెలిసినంతగా మరో పట్టణానికి తెలియదేమో. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడి, 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడిక మేరకు కర్నూలు రాజధాని అయినప్పుడు, ప్రభుత్వానికి నిలువ నీడ లేదు. కార్యాలయాలు గుడారాల్లో నడిచాయి. మద్రాసు నుంచి వచ్చిన ఉద్యోగులు అద్దె ఇళ్ళు దొరక్క అవస్థలు పడ్డారు. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు తరలిపోయేదాకా, మూడేళ్ళూ ఒక నెలపాటు, ఆ ఊరు తలదాచుకోను చోటు లేని ఒక ప్రభుత్వానికే చోటిచ్చింది. ఊరి బయటకు పొమ్మని ఎవరూ అర్జీ పెట్టలేదు. ఏ క్యాంపు, బీ క్యాంపు, సీ క్యాంపు అని ఈనాటికీ కర్నూలువాళ్ళు పిలుచుకునే పేటలు ఆ కాలపు ఆనవాళ్ళే. క్యాంపు అంటే తాత్కాలికంగా దిగిన చోటు. అక్కడ ఇల్లుండటం ఇవాళ మర్యాదకు గుర్తు. ఆ పేర్ల అర్థం మాత్రం మనకు వినిపించడం మానేసింది.

అది ఉద్యోగుల సంగతి అంటారా? అయితే 2009 సంగతి చూడండి. ఆ ఏడు అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ ఒక్కసారి పొంగి కర్నూలును ముంచాయి. కింద శ్రీశైలం జలాశయానికి 25 లక్షల క్యూసెక్కులదాకా నీరు వచ్చిపడింది. ఆ ఆనకట్టను కట్టినప్పుడు అంత వరదను ఎవరూ లెక్కించలేదు. కొండారెడ్డి బురుజు చుట్టూ ఉన్న పాతపట్టణం నీళ్ళలో నిలబడింది. అప్పుడు నేను కర్నూలులో డిగ్రీ విద్యార్థిని. ఎగువన ఉన్న ఒక బడి వరండాలో కొన్ని రాత్రులు పడుకున్నాను. నా కుడిపక్క బంగారు దుకాణం యజమాని ఒకాయన, ఎడమపక్క రిక్షా తొక్కే ముసలాయన. ముగ్గురికీ కలిపి ఒక టార్పాలిను. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు అన్నం వండి తెచ్చారు, పాత బట్టలిచ్చారు, ఆడవాళ్ళను స్నానాలకు తమ ఇళ్ళలోకి పిలుచుకుపోయారు. ఆ వరండాలో తాగినవాళ్ళూ ఉన్నారు, దగ్గుతున్నవాళ్ళూ ఉన్నారు, ఎవరో ఏమిటో తెలియని మగవాళ్ళు వందల మంది ఉన్నారు. మా కాలనీ అర్జీలో నేను రాసిన ప్రతి ప్రమాదమూ అక్కడ ఉన్నది. "వీళ్ళను ఊరి బయట ఉంచండి" అన్న మనిషి మాత్రం లేడు.

నీళ్ళు దిగాక బంగారు దుకాణం ఆయన ఇంటికి వెళ్ళాడు. నేనూ వెళ్ళాను. రిక్షా ముసలాయన ఎక్కడికి వెళ్ళాడో నేను అడగలేదు. వరదకు ముందు కూడా ఆయన ఒక మూసిన దుకాణం మెట్ల మీదే పడుకునేవాడని మాటల్లో తెలిసింది. ఆ కొన్ని రాత్రులు ఆయన "బాధితుడు". మళ్ళీ మెట్ల మీదికి చేరగానే "బికారి" అయిపోయాడు. నది ముంచినవాడి మీద మనకు జాలి. అప్పూ, కరువూ, పడిపోయిన కూలీ ముంచినవాడి మీద అనుమానం. నది ఎవరి తప్పూ కాదు కాబట్టి జాలిపడటం సులువు. కూలీ పడిపోవడంలో మన భాగమేమైనా ఉన్నదేమోనన్న శంక మనకు లోపల ఎక్కడో ఉంటుంది. ఆ శంకకే పొలిమేర కావాలి.

సీమలో కరువుబాధితుల పట్ల ఏలినవారి వైఖరికి కూడా ఇదే చరిత్ర. 1876-78 నాటి ధాతకరువులో కర్నూలు, కడప, బళ్ళారి జిల్లాలు అందరికన్నా ఎక్కువ నలిగాయి. 1871, 1881 జనాభా లెక్కల మధ్య కర్నూలు జిల్లా జనం దాదాపు నాలుగో వంతు తగ్గిపోయింది. అప్పుడు రిచర్డ్ టెంపుల్ దొర కరువుకూలీని రోజుకు ఒక పౌను ధాన్యానికీ, ఒక అణాకూ దించిన సంగతి ప్రసిద్ధమే. పట్టణాల్లోకి వచ్చిపడిన కరువుజనాన్ని వీధుల్లోంచి ఏరి శిబిరాలకు తోలడమూ అప్పుడే జరిగింది. అన్నం దొరుకుతుందని తెలిసి కూడా ఆ శిబిరాలకు పోవడానికి నిరాకరించినవాళ్ళు ఎందరో ఉన్నారు. తిండికి లేనివాడికి కూడా తాను ఉండే చోటు మీద ఒక అభిప్రాయం ఉంటుందన్న విషయం దొరలకు విడ్డూరంగా తోచింది. మనకూ అలాగే తోస్తున్నది.

ఇంతకూ నిరాశ్రయుడు ఆ మెట్ల మీదే ఎందుకు పడుకుంటాడు? అతనికి అక్కడ పని ఉన్నది కాబట్టి. తెల్లవారుజామున నాలుగు గంటలకు లారీ దిగుతుంది. ఆ వేళకు యార్డులో ఉన్నవాడికే మూట దొరుకుతుంది. హోటలు రాత్రి పదకొండుకు మూసి తెల్లవారి అయిదుకు తెరుస్తారు. 1985లో బొంబాయి కాలిబాటవాసుల కేసులో, ఓల్గా టెల్లిస్ పేరుతో ప్రసిద్ధమైన తీర్పులో, సుప్రీంకోర్టు ఈ సంగతిని ఒప్పుకున్నది. ఆ మనుషులు అక్కడ ఉన్నది అక్కడ పని ఉన్నందువల్లేనని, బతుకుతెరువు హక్కు జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. చెప్పి, వానాకాలం పోయాక వాళ్ళను తొలగించవచ్చునని కూడా అన్నది. (మా అర్జీలోని "ఉన్నప్పటికీ" కోర్టులకు కూడా తెలిసిన మాటే.) 2010లో అదే కోర్టు పట్టణాలలో ప్రతి లక్ష జనాభాకు ఒక వసతిగృహం ఉండాలన్నది. 2013లో వచ్చిన పట్టణ జీవనోపాధుల పథకం, వసతిగృహాలు నిరాశ్రయులు గుమిగూడే చోట్లకూ, వాళ్ళ పనిచోట్లకూ దగ్గరగా ఉండాలని నియమం పెట్టింది. 2011 లెక్కల ప్రకారం కర్నూలు నగరపాలక పరిధిలో జనం నాలుగు లక్షలు దాటారు, కడపలో మూడు లక్షలు దాటారు. అత్తెసరు లెక్క వేసినా ఒక ఊరికి నాలుగు, ఒక ఊరికి మూడు. అవన్నీ ఊరి నడుమ, బస్టాండు, స్టేషను, మార్కెట్టు పక్కన. అంటే ఎవరో ఒకరి ఇంటి పక్కన.

పొలిమేరకు పంపితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. కర్నూలు అంచున జగన్నాథగట్టు మీద పేదల కోసం వేలాది ఇళ్ళు కట్టారు. కుటుంబమూ, సొంత ఇంటి పట్టా ఉన్నవాడు ఆ దూరాన్ని ఎట్లాగో భరిస్తాడు. రోజూ ఆటోకు కూలీలో కొంత పోయినా, ఇల్లు తనది. ఒక చాప, ఒక సంచీ తప్ప ఏమీ లేనివాడిని అంత దూరం పంపితే, అతడు అక్కడ ఒక్క రాత్రి పడుకుని మరునాడు మెట్ల దగ్గరికి తిరిగి వస్తాడు. అప్పుడు మనం, చూశారా, కట్టించినా ఉండరు, వీళ్ళకు వీధులే ఇష్టం అంటాము. గృహసమస్యను గూర్చి 1872లో రాస్తూ ఏంగెల్సు చెప్పినది ఇదే. ఉన్నవాళ్ళ వర్గం ఈ సమస్యను ఎన్నిసార్లు పరిష్కరించినా అది ఇంకో చోటికి జరుగుతుందే తప్ప పోదు.

ఇక మా భయాల మాట. వాటిని వర్గద్వేషమని ఒక్క మాటతో కొట్టిపారేయడం వామపక్షంవాళ్ళకు సులువు. నాకూ ఒకప్పుడు సులువుగానే ఉండేది. కాని చీకటి పడ్డాక కూతురు ట్యూషను నుంచి వచ్చేదాకా గేటు దగ్గర నిలబడే తల్లి భయం అబద్ధం కాదు. అయితే ఆ భయం లెక్క తప్పుతున్నది. వసతిగృహం నిరాశ్రయులను మా వీధికి తీసుకురాదు. వాళ్ళు ఇప్పటికే మా వీధి చివర ఉన్నారు. చీకటిలో, మెట్ల మీద, ఎవరి కాపలా లేకుండా. దీపమూ, తలుపూ, ఒక కాపలామనిషీ ఉన్న గదిలోకి వాళ్ళు వెళితే ఆ పిల్లకు ప్రమాదం పెరుగుతుందా, తగ్గుతుందా? ఆ మెట్ల మీద పడుకునే అంట్లు తోమే ముసలామె కూడా ఆడదే. రాత్రి పూట ఆమె ఎవరికి భయపడుతున్నదో మా సమావేశంలో ఎవరమూ అడగలేదు. తాగుడంటారా, మా కాలనీలో అది తలుపులు మూసుకుని జరుగుతుంది. స్థలం ధర మాట నిజమే. ఇరవై ఏళ్ళ వాయిదాలతో కొన్న ఇల్లు తప్ప వేరే ఆస్తి లేని గుమాస్తాకు ధర పడిపోవడం ఆటలు కాదు. కాని స్థలానికి ఓటుహక్కు ఇస్తే, ఆ తర్వాత ఊళ్ళో మనుషులకు మిగిలే ఓట్లెన్ని?

"ప్రజాభిప్రాయం" అని కూడా అర్జీలో రాశాను. ప్రజలన్నది మనవాళ్ళకు పవిత్రమైన మాట. అందుకనే ఎక్కువ బాధ్యతతో అడగాలి: ప్రజలెవరు? అర్జీలో ప్రతి సంతకానికీ ఎదురుగా ఇంటి నంబరు రాయించాము. ఇంటి నంబరు లేనివాడు నిరాశ్రయుడు. ఆ విధంగా, ఎవరిని గూర్చి అభిప్రాయం సేకరించామో వాడికి అభిప్రాయం ఉండే వీలు లేకుండా కాగితాన్ని తయారుచేశాము. 2011 ఫిబ్రవరి 28 రాత్రి జనాభా లెక్కలవాళ్ళు దీపాలు పట్టుకుని కాలిబాటల మీద, ప్లాట్‌ఫారాల మీద, గుడి మండపాల్లో పడుకున్నవాళ్ళను లెక్కించారు. దేశం మొత్తం మీద 17 లక్షలు దాటారు. ప్రభుత్వ లెక్కకు వాళ్ళు ప్రజలు. మా కాలనీ లెక్కకు కాలేదు.

పొరుగూరివాళ్ళు వద్దనే మాట పట్టణం పెద్దదైన కొద్దీ ఇంకా పెద్ద భాషలో వస్తుంది. అమరావతి ప్రాంతంలో ఇతర ఊళ్ళ పేదలకు ఇళ్ళస్థలాలివ్వడం మీద 2020 నుంచి నడిచిన వివాదం అందరికీ గుర్తే. 2023 మేలో పట్టాలు పంచారు, ఆగస్టులో హైకోర్టు ఇళ్ళ నిర్మాణాన్ని నిలిపివేసింది. భూములిచ్చిన రైతులు తమతో చేసిన ఒప్పందాన్ని గూర్చి వేసిన ప్రశ్నలు న్యాయమైనవే. కాని ఆ వాదోపవాదాల్లో "జనాభా సమతుల్యత" అన్న మాట విన్నప్పుడు నాకు మా అర్జీ భాష గుర్తుకువచ్చింది. అంతకన్నా మంచి తెలుగు.

అర్జీ పంపిన నెలకు ఒక విద్యార్థి తరగతి అయిపోయాక ఆగిపోయాడు. కోసిగి వైపు పిల్లవాడు. పశ్చిమాన ఆ మండలాల నుంచి - కోసిగి, మంత్రాలయం, ఆదోని చుట్టుపట్ల నుంచి - పంటలు పోయిన ప్రతి ఏడూ ఊళ్ళకు ఊళ్ళు సుగ్గికి పోతాయి. గుంటూరు వైపు మిరప కోతలకు, పత్తి ఏరడానికి. లేకుంటే బెంగుళూరుకు బేల్దారి పనికి. ఇంటికి తాళం వేసి, ముసలివాళ్ళను వదిలి పోతారు.

"సార్, ఆ అర్జీ మీరే రాసినారంట గదా" అన్నాడు.

అవునన్నాను.

"మా నాయనోళ్ళు గుంటూరు కాడ యాడ పండుకుంటారో తెలుసునా సార్? మిరపకాయలు ఆరబోసే కళ్ళంలోనే. ఒక ఏడు ఊళ్ళోని బడి కాడ పండుకుంటే, ఆ ఊరోళ్ళు లేపి పొమ్మన్యారంట. దొంగలేమో అని."

వాడి గొంతులో కోపం లేదు. సంగతి తెలియని మనిషికి సంగతి చెబుతున్నట్టు చెప్పాడు. ఆ ఊరివాళ్ళకు కూడా అర్జీ రాసిపెట్టే తెలుగు పంతులు ఒకడు ఉండే ఉంటాడు. సీమ మనిషిని కోస్తావాళ్ళు చిన్నచూపు చూశారని సభల్లో ఆవేశంగా మాట్లాడినవాణ్ణి నేను. మా వీధి చివరి మెట్ల మీద పడుకున్నవాళ్ళలో ఎవరెవరు ఏ జిల్లావాళ్ళో, ఏ కరువు వాళ్ళను అక్కడికి తోలిందో నేను ఒక్కనాడూ కనుక్కోలేదు.

నా సంతకం తీసివేయమని రెండో అర్జీ రాశాను. పెట్టిన సంతకం ఉపసంహరించుకోవడానికి పద్ధతి లేదని తెలిసింది. మొదటి అర్జీ మాత్రం చక్కగా పనిచేసింది. ఆ పాత భవనం ఆలోచన మానుకుని, ఇంకో చోట, వానకు కారే రేకుల ఇళ్ళున్న ఒక వాడ పక్కన, స్థలం చూశారని విన్నాను. ఆ వాడవాళ్ళు ఏమనుకుంటున్నారో తెలుసుకుందామని ఒక ఆదివారం వెళ్ళాను. వాళ్ళకూ అభ్యంతరం ఉన్నది. కాని మా అభ్యంతరం లాంటిది కాదు. ఒక అవ్వ నన్ను మునిసిపాలిటీ మనిషి అనుకుని తన ఇంట్లోకి పిలిచి, చూరు చూపింది. వాన పడినప్పుడు గిన్నెలు పెట్టే చోట్లు ఒకటొకటిగా చూపింది.

"వాళ్ళకు గట్టి మిద్దె కట్టిస్తారంట. కట్టియ్యనీ నాయనా, వాళ్ళకూ ఎవరున్నారు. మరి మాకో?" అన్నది.

ఈ రెండు అభ్యంతరాలనూ ఒకే ఫైలులో "స్థానికుల వ్యతిరేకత" కింద కట్టిపెడతారు. మా మిద్దె మీద మేము అన్నది వాళ్ళు మా దగ్గర ఉండకూడదని. ఆ అవ్వ అన్నది తాను కూడా ఆ నీడ కిందికి రావాలని. అయినా వాడవాళ్ళు, నిరాశ్రయులు ఒకరినొకరు పోటీదార్లుగా చూసుకునే పరిస్థితి వచ్చిందంటే, దాన్ని తెచ్చిపెట్టింది మా కాలనీ అర్జీ. పేదవాడి పక్కకు పేదవాణ్ణి నెట్టి, వాళ్ళు కొట్లాడుకుంటే చూసి, ఎవరికీ ఐక్యత లేదని వ్యాసాలు రాయడం మాకు అలవాటు.

నేను మునిసిపాలిటీ మనిషిని కానని అవ్వకు చెప్పాను. "మరి ఎవరు నాయనా నువ్వు?" అన్నది. పంతుల్నని చెప్పాను. అయితే ఒక అర్జీ రాసిపెట్టమన్నది. రేకులకు రాశాను. వసతిగృహాన్ని వద్దనే మాట అందులో పెట్టమని ఆమె అడగలేదు. వేలిముద్ర పక్కన రాయడానికి ఇంటి నంబరు అడిగితే, నంబరు ఇంకా వేయలేదని చెప్పింది.

ఆ వసతిగృహం ఇంకా కట్టలేదు. మా వీధి చివర దుకాణం మెట్లకు ఈమధ్య ఇనుప గేటు బిగించారు. హోటలు ముసలామె ఇప్పుడు ఎదురు వరసలో, పాత భవనం ప్రహరీ పక్కన పడుకుంటున్నది. భవనానికి తాళం వేసి ఉన్నది.